సందేహానికి లెక్క కట్టిన గణితం

తప్పిపోయిన సెరిస్‌ను పట్టిచ్చిన గాస్ నుంచి చంద్రయాత్రకు దారి చూపిన కాల్మన్ దాకా, అసంపూర్ణమైన కొలతల నుంచి నికరమైన సమాచారాన్ని రాబట్టిన శాస్త్ర చరిత్ర

ఆకాశంలో విమానమైనా, సముద్రంలో ఓడయినా, చంద్రుడి వైపు సాగే వ్యోమనౌకయినా, అది ఈ క్షణాన ఎక్కడ ఉన్నదో, ఎంత వేగంతో ఏ దిక్కుకు పోతున్నదో ఉన్నదున్నట్టు చెప్పగల సాధనం నేటికీ లేదు. రాడార్ చెప్పే దూరంలో ఎంతో కొంత తేడా ఉంటుంది. దుర్భిణితో కొలిచే కోణంలో ఎంతో కొంత దోషం చేరుతుంది. గమనాన్ని వర్ణించే సమీకరణాలు సైతం గాలి తోపునూ ఇంజిన్ నడకలోని హెచ్చుతగ్గులనూ పూర్తిగా పట్టుకోలేవు. ఇటు కొలత, అటు లెక్క రెండూ అసంపూర్ణమైనప్పుడు, ఆ రెంటినీ కలిపి విడివిడిగా ఏదీ ఇవ్వలేనంత నికరమైన సమాధానాన్ని రాబట్టడం ఎలాగన్న ప్రశ్న రెండు శతాబ్దాలకు పైగా ఖగోళజ్ఞులనూ ఇంజినీర్లనూ సాంఖ్యక శాస్త్రవేత్తలనూ వెంటాడింది. దానికి దొరికిన సమాధానాల్లో అత్యంత ప్రభావవంతమైనది 1960లో రుడాల్ఫ్ కాల్మన్ ప్రకటించిన పద్ధతి. శాస్త్రలోకంలో అది కాల్మన్ ఫిల్టర్ అన్న పేరుతో స్థిరపడింది. కొలతలో దోషం ఎంత ఉండవచ్చునో నిజాయితీగా లెక్కగట్టి, ఆ లెక్కను అడుగడుగునా వెంట తీసుకుపోయినప్పుడే తెలిసినదాని విలువ పెరుగుతుందన్నది ఈ చరిత్ర అంతటా కనిపించే సత్యం.

41 రోజుల పరిశీలన

1801 జనవరి 1 రాత్రి ఇటలీకి చెందిన సిసిలీ ద్వీపంలో, పాలెర్మో వేధశాల నుంచి జుసెప్పే పియాజీ నక్షత్రాల మధ్య కదులుతున్న ఒక మసక చుక్కను గమనించారు. ఆ చుక్కే తరవాత సెరిస్ అని పేరు పొందింది. ఫిబ్రవరి 11 దాకా 41 రోజుల వ్యవధిలో పియాజీ దాని స్థానాన్ని పలుమార్లు నమోదు చేశారు గాని, ఆయన అస్వస్థులు కావడంతోనూ, అది సూర్యకాంతిలో కలిసిపోవడంతోనూ పరిశీలన ఆగిపోయింది. కక్ష్యలో అతి చిన్న భాగానికి సంబంధించిన ఆ కొద్దిపాటి కొలతలతో, నెలల తరవాత ఆ వస్తువు ఆకాశంలో ఏ మూల తిరిగి కనిపిస్తుందో చెప్పడం నాటి పద్ధతులకు సాధ్యం కాలేదు.

ఆ పనిని 24 ఏళ్ల గణితజ్ఞుడు కార్ల్ ఫ్రెడరిక్ గాస్ చేపట్టారు. మూడు పరిశీలనల నుంచి కక్ష్యకు తొలి రూపం కట్టి, మిగిలిన పరిశీలనలతో దాన్ని సరిదిద్దుతూ ఆయన చూపిన చోటుకు దగ్గరలోనే ఖగోళజ్ఞుడు ఫ్రాంజ్ వాన్ జాక్ ఆ ఏడాది డిసెంబరులో సెరిస్‌ను తిరిగి గుర్తించారు. గాస్ 1809లో గ్రహగతులపై వెలువరించిన గ్రంథంలో కనిష్ఠ వర్గాల పద్ధతిని వివరించారు. లెక్క చెప్పిన విలువకూ కొలిచిన విలువకూ మధ్య ఉన్న తేడాలన్నిటినీ వర్గం చేసి, ఆ వర్గాల మొత్తం అతి తక్కువయ్యే సమాధానాన్ని ఎంచుకోవడమే ఆ పద్ధతి సారం. ఫ్రెంచి గణితజ్ఞుడు లెజాండ్ర్ దీన్ని 1805లోనే ప్రచురించగా, తాను 1795 నుంచీ వాడుతున్నానని గాస్ చెప్పుకోవడంతో ఇద్దరి మధ్య వివాదం తలెత్తింది. ప్రాథమ్యం ఎవరికి దక్కినా, కొలతల్లో దోషం అనివార్యమని ఒప్పుకొని, దోషాల స్వభావాన్ని సంభావ్యతా సిద్ధాంతంతో ముడిపెట్టి, ఆ పునాది మీద సమాధానాన్ని నిలబెట్టిన ఘనత మాత్రం గాస్‌దే. 1820లలో ఆయన మరో అడుగు ముందుకు వేసి, ఒక కొత్త కొలత వచ్చి చేరినప్పుడు లెక్కంతా మొదటినుంచీ చేయనక్కరలేకుండా పాత సమాధానాన్ని ఎలా సవరించుకోవచ్చునో కూడా చూపారు. 1880లో డెన్మార్క్ ఖగోళజ్ఞుడు టీలే కాలంతో పాటు మారే పరిమాణాలకు ఇలాంటి దశలవారీ సవరణ పద్ధతినే రూపొందించారు. అయితే ఆ ఆలోచనకు ఉన్న విస్తృతిని గుర్తించడానికి లోకానికి చాలా దశాబ్దాలు పట్టింది.

యుద్ధకాలపు ప్రశ్న

రెండో ప్రపంచ యుద్ధం ఈ ప్రశ్నకు ప్రాణావసరమైన తొందరను తెచ్చిపెట్టింది. విమాన విధ్వంసక ఫిరంగి పేల్చిన గుండు విమానం ఎత్తుకు చేరేలోగా ఆ విమానం ముందుకు పోతుంది గనక, గురి పెట్టవలసింది విమానం ఉన్న చోటికి కాదు, కొన్ని సెకన్ల తరవాత ఉండబోయే చోటికి. అమెరికాలోని ఎంఐటీలో నార్బర్ట్ వీనర్ ఈ సమస్యను చేపట్టి, దోషాలతో కలగలిసిన సంకేతం నుంచి అసలు సంకేతాన్ని వేరుచేసి, దాని భవిష్యత్తును ఊహించే సిద్ధాంతాన్ని 1942లో రహస్య నివేదికగా అందించారు. పసుపు రంగు అట్టతో వెలువడిన ఆ నివేదికలోని గణితం ఎంత కఠినమైనదంటే, ఇంజినీర్లు దానికి పసుపు ప్రమాదమని పేరు పెట్టుకున్నారు. దాదాపు అదే కాలంలో సోవియట్ గణితజ్ఞుడు కొల్మొగోరొవ్ స్వతంత్రంగా ఇదే తరహా ఫలితాలను 1941లో ప్రకటించారు.

వీనర్ సిద్ధాంతం గొప్పదే అయినా ఆచరణలో దానికి రెండు ఇబ్బందులు ఎదురయ్యాయి. మొదటిది, సంకేతం తీరు, దోషాల తీరు కాలంతో మారకుండా స్థిరంగా ఉంటాయన్న షరతు. దిక్కు మార్చుకుంటూ పోయే వస్తువుకు ఆ షరతు సరిపడదు. రెండోది, గతంలోని కొలతలన్నిటినీ ఒక్కసారిగా లెక్కలోకి తీసుకుని క్లిష్టమైన సమాకలన సమీకరణాలను సాధించవలసి రావడం. అప్పుడప్పుడే పుట్టుకొస్తున్న కంప్యూటర్లకు అది ఒదిగే పని కాదు.

గతమంతా ఒక్క అంచనాలో

ఈ రెండు ముళ్లనూ విప్పిన రుడాల్ఫ్ ఎమిల్ కాల్మన్ 1930లో బుడాపెస్ట్‌లో జన్మించి, యుద్ధకాలంలో కుటుంబంతో పాటు అమెరికా చేరి, ఎంఐటీలో విద్యుత్ ఇంజినీరింగ్ చదివి, 1957లో కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందారు. బాల్టిమోర్‌లోని రియాస్ అనే పరిశోధన సంస్థలో పనిచేస్తుండగా, 1958 నవంబరు చివరలో ప్రిన్స్‌టన్ నుంచి రైలులో తిరిగి వస్తున్నప్పుడు, నియంత్రణ శాస్త్రంలో వాడే స్థితి అనే భావనను వీనర్ సమస్యకు ఎందుకు అన్వయించకూడదన్న ఆలోచన ఆయనకు తట్టింది. ఒక వ్యవస్థ ఇకపై ఎలా నడుస్తుందో చెప్పడానికి ఈ క్షణాన తెలియవలసిన కనీస పరిమాణాల సముదాయాన్ని స్థితి అంటారు. వ్యోమనౌక విషయంలో మూడు దిశలలోని స్థానం, మూడు దిశలలోని వేగం కలిసి ఆరు సంఖ్యలు దాని స్థితి అవుతాయి.

కాల్మన్ పద్ధతిలో కంప్యూటర్ ఎల్లప్పుడూ రెండింటిని మాత్రమే గుర్తుంచుకుంటుంది. ఒకటి స్థితి గురించిన ప్రస్తుత అంచనా. రెండోది ఆ అంచనాలో ఉన్న సందేహం పరిమాణం. ఈ సందేహాన్ని సాంఖ్యక శాస్త్రంలో విస్తృతి అనే కొలమానంతో, అనేక పరిమాణాలు ఉన్నప్పుడు అవి ఒకదానితో ఒకటి ఎలా ముడిపడి ఉన్నాయో తెలిపే సహవిస్తృతి మాత్రికతో వ్యక్తం చేస్తారు. గమన సమీకరణాల సాయంతో అంచనాను తరవాతి క్షణానికి జరపడం మొదటి అడుగు. సమీకరణాలు పూర్తిగా నమ్మదగినవి కావు గనక ఈ అడుగులో సందేహం పెరుగుతుంది. కొత్త కొలత అందగానే దానికీ అంచనాకూ మధ్య ఉన్న తేడాను చూసి అంచనాను సవరించడం రెండో అడుగు. సమాచారం చేరింది గనక ఈ అడుగులో సందేహం తగ్గుతుంది. ఈ రెండు అడుగులూ ఒకదాని వెంట ఒకటి సాగుతూనే ఉంటాయి. వాడేసిన కొలతలను దాచుకోనక్కరలేదు, ఎందుకంటే గతం చెప్పగలిగినదంతా ఆ అంచనాలోనూ దాని సందేహంలోనూ అప్పటికే ఇమిడి ఉంటుంది.

సవరణ ఎంత మేరకు ఉండాలన్నదే ఇందులోని కీలకం. ఒక విమానం 1000 మీటర్ల దూరంలో ఉన్నదని లెక్క చెప్పిందనీ, ఆ లెక్కలో సగటున 20 మీటర్ల దోషానికి అవకాశం ఉన్నదనీ అనుకుంటే, దాని విస్తృతి 20 వర్గమైన 400 అవుతుంది. అదే సమయంలో రాడార్ 1030 మీటర్లు అని చూపిందనీ, రాడార్ దోషం 10 మీటర్లనీ అనుకుంటే, దాని విస్తృతి 100. అంచనా విస్తృతిని రెండు విస్తృతుల మొత్తమైన 500తో భాగిస్తే 0.8 వస్తుంది, అంటే 30 మీటర్ల తేడాలో పదింట ఎనిమిది వంతులు రాడార్ వైపు మొగ్గాలన్న మాట. కొత్త అంచనా 1024 మీటర్లు; దాని విస్తృతి 80, అంటే దోషం సుమారు 9 మీటర్లు. రాడార్ ఒక్కదానికి ఉన్న 10 మీటర్ల కంటే, లెక్క ఒక్కదానికి ఉన్న 20 మీటర్ల కంటే ఈ దోషం తక్కువ కావడం గమనించదగినది. అంత నమ్మకం లేని సమాచారాన్ని కూడా పారవేయకుండా, దాని బలహీనతకు తగిన తూకం వేసి కలుపుకున్నందువల్లనే ఈ లాభం చేకూరింది.

1960లో కాల్మన్ ఈ ఫలితాన్ని ప్రకటించినప్పుడు తన సొంత రంగమైన విద్యుత్ ఇంజినీరింగ్ వర్గాలలో సంశయం ఎదురుకావడంతో, ఆ వ్యాసం అమెరికన్ మెకానికల్ ఇంజినీర్ల సంఘం పత్రికలో వెలువడింది. మరుసటి ఏడాది రిచర్డ్ బ్యూసీతో కలిసి ఆయన దాన్ని నిరంతరంగా అందే కొలతలకు విస్తరించారు. ఆ కాలంలోనే అమెరికాలో పీటర్ స్వెర్లింగ్, సోవియట్ దేశంలో రుస్లాన్ స్ట్రాటొనోవిచ్ ఇలాంటి ఫలితాలకే చేరుకున్నారు గనక, ఈ భావన ఒక్కరి సొత్తు కాదన్నది చరిత్రకారులు అంగీకరించే మాట.

చంద్రుడి దారిలో

కొత్త సిద్ధాంతానికి తొలి పెద్ద పరీక్ష చంద్రయాత్ర రూపంలో ఎదురైంది. కాలిఫోర్నియాలోని నాసా ఏమ్స్ పరిశోధన కేంద్రంలో స్టాన్లీ ష్మిట్ బృందం భూమికీ చంద్రుడికీ మధ్య వ్యోమనౌక తన స్థానాన్ని తానే తెలుసుకునే మార్గం కోసం వెతుకుతుండగా, 1960 శరదృతువులో కాల్మన్ అక్కడికి వెళ్లి తన పద్ధతిని వివరించారు. ఆ పద్ధతి రేఖీయ సమీకరణాలకు, అంటే కారణం రెట్టింపయితే ఫలితమూ రెట్టింపయ్యే వ్యవస్థలకు ఉద్దేశించినది. గురుత్వాకర్షణ అలాంటిది కాదు. ప్రతి క్షణంలోనూ అప్పటి అంచనా చుట్టూ ఉన్న కొద్దిమేర గమనాన్ని సరళరేఖతో పోల్చదగినదిగా తీసుకుని ఫిల్టర్‌ను అన్వయించవచ్చునని ష్మిట్ బృందం గ్రహించింది. అలాగే కొలతలు నియమిత వ్యవధిలో కాక ఎప్పుడు వీలైతే అప్పుడు వస్తాయి గనక, కాలంలో ముందుకు జరిపే లెక్కనూ కొలతతో సవరించే లెక్కనూ వేర్వేరుగా విడదీసింది. విస్తరిత కాల్మన్ ఫిల్టర్‌గా నేడు ఇంజినీరింగ్ విద్యార్థులు చదువుకునేది ఈ రూపాన్నే.

చంద్రయాత్ర కోసం చేపట్టిన అపోలో కార్యక్రమంలో తొలి ప్రధాన ఒప్పందం 1961 ఆగస్టులో మార్గనిర్దేశక వ్యవస్థ కోసం ఎంఐటీ ఇన్‌స్ట్రుమెంటేషన్ ల్యాబొరేటరీకి దక్కింది. అక్కడ రిచర్డ్ బ్యాటిన్ నౌక లోపలి నావిగేషన్ లెక్కలకు ఈ దశలవారీ పద్ధతిని రూపొందించారు. ఆ లెక్కలు చేయవలసిన కంప్యూటర్‌లో తిరగరాసుకోదగిన జ్ఞాపకశక్తి 2,048 పదాలు, అంటే నేటి లెక్కలో 4 కిలోబైట్లు మాత్రమే. గత కొలతలను నిల్వ చేయనక్కరలేని పద్ధతి కాకపోయి ఉంటే, అంత ఇరుకైన చోట ఈ లెక్క ఇమడటం కష్టమయ్యేది. తక్కువ అంకెలతో లెక్కించే చిన్న కంప్యూటర్లలో మరో చిక్కు వచ్చింది: అంకెల సవరింపుల వల్ల విస్తృతి ఒక్కోసారి సున్నా కన్నా తక్కువకు పోయి, అర్థం లేని ఫలితాలు వచ్చేవి. ఎంఐటీలోని జేమ్స్ పాటర్ సహవిస్తృతి మాత్రికకు బదులు దాని వర్గమూలాన్ని ముందుకు తీసుకుపోయే ఉపాయాన్ని కనిపెట్టారు. ఏ సంఖ్య వర్గమైనా రుణాత్మకం కాదు గనక ఆ ప్రమాదం తప్పింది.

1968 డిసెంబరులో మనుషులను తొలిసారి చంద్రుడి చుట్టూ తిప్పిన అపోలో 8 యాత్రలో వ్యోమగామి జిమ్ లోవెల్ ఈ పద్ధతిని స్వయంగా నడిపారు. సెక్స్‌టెంట్ అనే కోణమాపకంలో ఒక నక్షత్రం ప్రతిబింబాన్ని భూమి అంచుకో చంద్రుడి అంచుకో సరిగ్గా ఆనేలా తెచ్చి, అది ఆనిన క్షణాన బొత్తాం నొక్కితే, కంప్యూటర్ ఆ కోణాన్నీ సమయాన్నీ గ్రహించి, ఈ కొలతను ఒప్పుకుంటే స్థానంలో ఎంత, వేగంలో ఎంత మార్పు వస్తుందో తెరమీద చూపేది. ఆ మార్పు నమ్మదగినట్టుంటే వ్యోమగామి అంగీకరించేవారు. అనుమానాస్పదంగా ఉంటే తోసిపుచ్చేవారు. వాతావరణం వల్ల భూమి అంచు మసకగా కనబడేది గనక, ఏ ఎత్తును అంచుగా తీసుకోవాలో అభ్యాసంతో నిర్ణయించుకోవలసి వచ్చింది. యాత్రకు ప్రధానాధారం భూమి మీది రాడార్ కేంద్రాల లెక్కే అయినా, నౌకలో చేసిన లెక్క దానితో దగ్గరగా సరిపోలడంతో, భూమితో సంబంధం తెగిపోయినా వ్యోమగాములు ఇంటి దారి పట్టగలరన్న భరోసా కలిగింది.

కలకత్తాలో తేలిన హద్దు

కొలతలు అసంపూర్ణమైనప్పుడు తెలివైన పద్ధతితో దోషాన్ని తగ్గించవచ్చు సరే, ఎంత వరకు తగ్గించవచ్చునన్న ప్రశ్నకు కాల్మన్ కన్నా 15 ఏళ్ల ముందే ఒక తెలుగు శాస్త్రవేత్త సమాధానం చెప్పారు. కల్యంపూడి రాధాకృష్ణారావు 1920లో నేటి కర్ణాటకలోని హడగలిలో తెలుగు కుటుంబంలో జన్మించి, విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలో మహలనోబిస్ నెలకొల్పిన భారతీయ సాంఖ్యక సంస్థలో చేరారు. ఆయన పాఠం చెబుతుండగా, తరవాతి కాలంలో ఆర్థికవేత్తగా పేరు పొందిన వి.ఎం. దండేకర్, చాలా ఎక్కువ కొలతలు ఉన్నప్పటి కచ్చితత్వపు హద్దు గురించి సాంఖ్యక శాస్త్రవేత్త ఫిషర్ చెప్పిన ఫలితం పరిమిత సంఖ్యలో ఉన్న కొలతలకు కూడా వర్తిస్తుందా అని అడిగిన ప్రశ్న ఆయనను పట్టుకుంది. మరునాటికి రావు నిరూపణతో తిరిగి వచ్చారు. 1945లో కలకత్తా గణిత సంఘం పత్రికలో అచ్చయిన ఆ ఫలితం, స్వీడన్‌కు చెందిన క్రామేర్ కూడా విడిగా సాధించినందున, క్రామేర్-రావు హద్దుగా ప్రసిద్ధమైంది. కొలతల్లో ఉన్న సమాచారం ఎంతో తెలిస్తే, పక్షపాతం లేని ఏ అంచనా అయినా ఏ మేరకు మించి కచ్చితం కాలేదో ఆ హద్దు చెబుతుంది. కదిలే వస్తువులకు విస్తరించిన రూపంలో ఆ హద్దును రాడార్, సోనార్ ఇంజినీర్లు నేటికీ తమ ఫిల్టర్ల పనితనానికి కొలబద్దగా వాడుతున్నారు.

అదే వ్యాసంలోని మరో ఫలితం రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతంగా పేరు పొంది, వేల ఊహా స్థితులను ఒకేసారి నడిపి అంచనా కట్టే ఆధునిక పార్టికల్ ఫిల్టర్లలో శ్రమ తగ్గించే సాధనమైంది. మహలనోబిస్ 1936లో ప్రతిపాదించిన దూరానికీ ఈ రంగంలో నిత్యం పని ఉన్నది. రెండు విమానాలు దగ్గరగా వచ్చినప్పుడు రాడార్‌లో మెరిసిన చుక్క ఏ విమానానిదో తేల్చడానికి, అంచనాకూ కొలతకూ ఉన్న తేడాను మీటర్లలో కాక, ఆ తేడాలో సహజంగా ఉండే సందేహంతో పోల్చి చూస్తారు. పై ఉదాహరణలో విస్తృతుల మొత్తం 500 గనక సహజమైన తేడా సుమారు 22 మీటర్లు. 30 మీటర్ల తేడా దానికి 1.3 రెట్లే గనక అది ఆ విమానానిదేనని అంగీకరించవచ్చు. తేడా 300 మీటర్లయి ఉంటే 13 రెట్లు దాటుతుంది; ఆ చుక్క మరో విమానానిదో, పరికరం పొరపాటో అయి ఉంటుంది.

తప్పుదారి పట్టించే ధీమా

కాల్మన్ పద్ధతికి ఉన్న బలమంతా సందేహాన్ని సరిగ్గా లెక్కగట్టడంలోనే ఉన్నది గనక, ఆ లెక్క తప్పినప్పుడు వచ్చే నష్టమూ అంతే పెద్దది. సమీకరణాలలో దోషమే లేదని ఇంజినీరు భావించి ఫిల్టర్‌ను నడిపితే, కొలతలు వచ్చేకొద్దీ అంచనా విస్తృతి తగ్గుతూ తగ్గుతూ దాదాపు సున్నాకు చేరుతుంది. ఆ దశలో ఫిల్టర్‌కు తన లెక్క మీద ఎంత ధీమా కలుగుతుందంటే, కొత్త కొలతకు ఇచ్చే తూకం కూడా సున్నాకు చేరి, కళ్లెదుట వస్తువు దారి మళ్లుతున్నా అంచనా పాత దారినే పోతుంది. దీన్ని ఇంజినీర్లు డైవర్జెన్స్ అంటారు. నివారణకు వారు ఆశ్రయించే మార్గాలలో ముఖ్యమైనది, గమన సమీకరణాలలో కావాలనే కొంత సందేహాన్ని కలపడం. అంచనా కాస్త తక్కువ ధీమాతో ఉన్నప్పుడే వాస్తవానికి చెవి ఒగ్గుతుందని దశాబ్దాల అనుభవం నేర్పిన పాఠం ఇది.

హైదరాబాద్ నుంచి హిందూ మహాసముద్రానికి

అపోలో నౌకకు ఆరు సంఖ్యల స్థితి సరిపోయింది గాని, సముద్రానికో వాతావరణానికో స్థితి చెప్పాలంటే లక్షలు, కోట్ల సంఖ్యలు కావాలి. వాటి సహవిస్తృతి మాత్రికలో ఆ సంఖ్య వర్గమంత గళ్లు ఉంటాయి గనక, ఏ కంప్యూటర్‌కూ అది నేరుగా సాధ్యం కాదు. 1994లో నార్వే శాస్త్రవేత్త గేర్ ఎవెన్సెన్ దీనికి మార్గం చూపారు. ఒకే నమూనాను కొద్దికొద్ది తేడాలతో కొన్ని పదుల సార్లు సమాంతరంగా నడిపి, ఆ ఫలితాలు ఒకదానికొకటి ఎంత దూరంగా విడిపోయాయో చూసి సందేహాన్ని అంచనా వేయడమే ఆ ఎన్‌సెంబుల్ కాల్మన్ ఫిల్టర్ విధానం.

హైదరాబాద్‌లోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, అంటే ఇన్‌కాయిస్, ఈ కుటుంబానికి చెందిన పద్ధతితోనే హిందూ మహాసముద్రపు స్థితిని లెక్కిస్తున్నది. సముద్రంలో విడిచిన ఆర్గో తేలియాడే పరికరాలు 1000 మీటర్ల లోతున కొట్టుకుపోతూ, సుమారు పది రోజులకోసారి 2000 మీటర్ల దాకా దిగి, పైకి వస్తూ ఉష్ణోగ్రతనూ లవణీయతనూ కొలిచి ఉపగ్రహాలకు పంపుతాయి. అంత విశాలమైన సముద్రంలో ఆ కొలతలు అక్కడొకటి, అక్కడొకటి మాత్రమే. వాటి మధ్య ఖాళీలను నమూనా నింపుతుంది, నమూనా దోషాలను కొలతలు సరిదిద్దుతాయి. తీరం వైపు వచ్చే తుపానుకు బలాన్నిచ్చేది సముద్రపు పైపొరల వేడి గనక, ఈ లెక్క తెలుగు తీరానికి దూరపు విషయం కాదు.

కాల్మన్ 1985లో క్యోటో పురస్కారాన్ని, 2009లో అమెరికా అధ్యక్షుడి చేతుల మీదుగా జాతీయ విజ్ఞాన పతకాన్ని అందుకుని, 2016 జూలై 2న కన్నుమూశారు. రావు 2023లో అంతర్జాతీయ సాంఖ్యక శాస్త్ర పురస్కారాన్ని పొంది, అదే ఏడాది ఆగస్టులో 102 ఏళ్ల వయసులో మరణించారు. వారు పెంచిన విద్య నేడు విమానాలలో, చేతి ఫోన్లలో, ఉపగ్రహ కేంద్రాలలో నిరంతరాయంగా పనిచేస్తున్నది; అయితే దాని నీతి ఇంజినీర్లకే పరిమితం కాకూడదు. వాతావరణ శాఖ విడుదల చేసే తుపాను పటంలో మధ్యగీతకు రెండు వైపులా రోజురోజుకూ వెడల్పయ్యే శంఖాకారపు ప్రాంతం, శాస్త్రజ్ఞులు తమ సందేహాన్ని దాచకుండా ప్రజల ముందు పెట్టిన లెక్క. మధ్యగీత తమ ఊరి మీదుగా పోవడం లేదన్న ధీమాతో నిశ్చింతగా ఉండక, ఆ ప్రాంతం లోపల ఉన్న ప్రతి ఊరూ తుపాను తమ మీదికే రావచ్చునని భావించి సిద్ధం కావాలి. శాస్త్రం ఇచ్చే అంచనాతో పాటు అందులోని సందేహాన్ని కూడా చదవడం పౌరులు నేర్చుకున్నప్పుడే, రెండు వందల ఏళ్ల ఈ కృషి ప్రాణాలను కాపాడే జ్ఞానం అవుతుంది.